పట్టుపురుగులకు పసుపు

ఆ రోజుల్లో నోరు విప్పకుండా రోజు గడిపేయడం నాకు బాగా పట్టుబడిన విద్య. హిందీ మాట్లాడే ఊళ్ళో, కాసిడీహ్ పేటలో మా ఇంటికి ఎవరొచ్చినా పుస్తకంతో సహా వెనక గదిలోకి మాయమయ్యేదాన్ని. (డైరీలో మాత్రం పేజీలకు పేజీలు మాట్లాడేదాన్ని.) అలాంటి నేను బీయస్సీ చదువుతుండగా కాలేజీ సైన్సు ప్రదర్శనలో మాట్లాడతానని ఒప్పుకున్నానంటే, ఒక పత్రికలో చదివిన వింతే కారణం. పట్టుచిలుకగా మారబోతూ గూటిలో నిద్రపోయే ప్యూపాకు చచ్చిన సూక్ష్మక్రిములను సూదితో ఎక్కిస్తే, దాని నెత్తురే క్రిములను చంపే మందు తయారుచేసుకుంటుందట. తర్వాత బతికున్న క్రిములు ఎక్కించినా తట్టుకుంటుందట. "బాగా కుదిరితే రాంచీ ప్రదర్శనకు నిన్నే పంపుతాను" అన్నారు హిందీలో మా జువాలజీ మాస్టారు. రాంచీలో పెద్ద లైబ్రరీ ఉందని విని ఉన్నాను. ఇక ఆగుతానా?

నాన్న చాయిబాసా వైపు సంత నుంచి టసర్ అనే అడవిపట్టు గూళ్ళు తెచ్చారు. ల్యాబులో ఎలుకల బెడద కాబట్టి, గూళ్ళు కత్తిరించి తీసిన ప్యూపాలను ఇంట్లోనే రెండు అట్టపెట్టెల్లో పెట్టాను. ఒక పెట్టెలోవాటికి మాస్టారిచ్చిన చచ్చిన క్రిముల నీళ్ళు ఎక్కించాను. రెండో పెట్టెను ముట్టుకోలేదు. మాతోనే ఉండే మేనత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏటే ఒలమ్మీ, ఆటికి సూదిమందేత్తన్నావా?"

"రోగం రాకుండా, అత్తా."

"అయ్యో పాపం" అని వెళ్ళిపోయింది.

మర్నాటికి సూది గుచ్చినచోట పచ్చటి మచ్చ కనిపించింది. మందు పుట్టిన గుర్తు ఇదేనని డైరీలో రాసుకున్నాను. తర్వాత కాలేజీలో అన్నిటికీ బతికున్న క్రిములు ఎక్కించాం. ముట్టుకోని పెట్టెలోవి నల్లబడి చచ్చిపోయాయి. మచ్చ ఉన్నవి మాత్రం వేలితో తాకితే నడుము ఆడించాయి.

ప్రదర్శన రోజున ఆ పచ్చ మచ్చ గురించి, నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చేంత గట్టిగా హిందీలో ఉపన్యసించాను. మాస్టారు భూతద్దం పెట్టి వంగారు. ముందు వరసలో కూర్చున్న అత్త ఉండబట్టలేకపోయింది.

"అది పసుపు గదేటి. నానే ఎట్టినాను" అంది నాతో. మాస్టారికి అర్థం కాలేదేమోనని, "హల్దీ, సార్. హమ్ లగాయా" అని కూడా చెప్పింది.

"సబ్ కో?" అన్నిటికీనా అని అడిగారాయన నెమ్మదిగా.

"నహీ, నహీ. జిస్ కో సూయీ దియా, ఉస్ కో." మళ్ళీ నా వైపు తిరిగి, "అన్నిటికీ ఎందుకే, దండగ? సూది దెబ్బ తగిలినోటికే గదా ఎట్టాలి."

(మా ఇంట్లో ఎవరు సూది వేయించుకొచ్చినా అత్త ఆ చోట పసుపు అద్దాల్సిందే.) హాలంతా నవ్వింది. ప్యూపాలను బతికించింది నెత్తురో పసుపో ఇక ఎవరు తేల్చగలరు? చచ్చిన పురుగుల పెట్టెలో దూరిపోవాలనిపించింది. రాంచీకి సబ్బు తయారుచేసిన అబ్బాయి వెళ్ళాడు.

ఇంటికి వెళ్ళే దారిలో పెట్టెలు మోసుకుంటూ అత్తకు నాలుగడుగులు ముందు నడిచాను. "నానేటి తప్పు చేసినానే? అయి బతికినాయి గదా" అంది అత్త.

కొన్నాళ్ళకు బతికినవాటిలో ఒకటి పట్టుచిలుకై రెక్కలు విప్పుకుని, వంటింటి కిటికీకి వేలాడింది. దాని నెత్తురు గొప్పదని నేను, తన పసుపు గొప్పదని అత్త, చెరోవైపు నిలబడి చూశాం.

ఇప్పుడు నేను పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో. నెత్తురు తన మందు తానే ఎలా చేసుకుంటుందో అడిగినవాళ్ళకు ఓపికగా చెబుతాను. కానీ ఎప్పుడైనా సూది వేయించుకుని ఇంటికొస్తే, ఎవరూ చూడటంలేదని తేల్చుకున్నాక, పసుపు డబ్బా మూత తీస్తాను.