ఎడమ బాణం

అన్వరీ ఇంట్లో ఏ వస్తువూ అవసరానికి మించి పరిచి ఉండదు. చాప, దుప్పటి, నమాజు చేసుకునే జానిమాజ్, చదివేసిన పేపరు, ఏదైనా సరే పనైపోయిన మరుక్షణం నాలుగు మడతలు పడాల్సిందే. మడిచి ఊరుకోదు, మడత అంచు మీద అరచేత్తో బలంగా ఒక రుద్దు రుద్దుతుంది. చిన్నప్పటి అలవాటు. పామర్రులో వాళ్ళ నాన్న పరుపులు కుట్టేవాడట. ఒకటే గది, ఏడుగురు మనుషులు. ఆ గదే పడక, ఆ గదే కొట్టు, నమాజు కూడా అందులోనే. "ఒకటి మడిస్తేగానీ ఇంకోటి పరవడానికి చోటుండేది కాదన్నయ్యా" అని నాతో చాలాసార్లు అంది.

పెళ్ళయి గవర్నర్‌పేటకొచ్చాక కూడా ఆ చెయ్యి మారలేదు. ఆవిడా, భర్త ఇమామూ కలిసి ఆటోలకి రెక్సిన్ సీట్లు కుడతారు. ముందు కొట్టు, వెనక ఇల్లు. వాళ్ళ గోడకి ఇవతల నా కొట్టు. నేను హనుమయ్యని, టీవీలూ రిమోట్లూ బాగుచేస్తాను. రిమోట్ మీద టీ ఒలకబోసి "మేమేం చెయ్యలేదండీ, దానంతటదే పోయింది" అనే జనంతో ఇరవై ఏళ్ళు వేగినవాణ్ణి కాబట్టి నా నోరు అంత మంచిది కాదు. ఈ కథలో ఆ నోటికీ వాటా ఉంది, అందుకే ముందే చెబుతున్నాను.

రెండువేల ఆరు మార్చిలో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు అఫ్సా ఆటో దిగుతూ పడి ఎడమ కాలి ఎముక విరగ్గొట్టుకుంది. పదేళ్ళ పిల్ల. ఏప్రిల్ ఆఖర్లో కట్టు విప్పితే కాలు సన్నగా, తెల్లగా, వేరెవరి కాలో తెచ్చి పెట్టినట్టుంది. డాక్టరు ఒకటే మాట చెప్పాడు: "ఎముక అతుక్కుంది. ఇక ఆ కాలి మీద బరువు వెయ్యాలి. భయపడి వెయ్యకపోతే కుంటడమే అలవాటైపోతుంది. అప్పుడు మాన్పించడం కష్టం." ఆ మాట అన్వరీ గుండెలో మేకులా దిగింది. జూన్‌లో బడి తెరుస్తారు. ఆరో తరగతి మేడ మీద. అప్పటికి పిల్ల మామూలుగా నడవాలి.

అఫ్సా గోడ వదిలితే ఒట్టు. వ్యాయామం చెయ్యమంటే ఏడుపు. అప్పుడు ఇమాము ఎక్కణ్ణుంచో డాన్స్ మ్యాట్ ఒకటి పట్టుకొచ్చాడు. టీవీకి తగిలించే ప్లాస్టిక్ పట్టా అది. దాని మీద నాలుగు దిక్కులా నాలుగు బాణాలు. టీవీలో పాట వస్తుంటే తెర మీద బాణాలు పైకి పాకుతాయి. ఏ బాణం వస్తే ఆ బాణం మీద సమయానికి కాలెయ్యాలి. పడితే పర్‌ఫెక్ట్, పడకపోతే మిస్.

పిల్ల గోడ వదిలింది. ఆటలో పడి ఎడమ కాలు వేస్తున్న సంగతే మరిచిపోయింది. రోజూ సాయంత్రం గోడ అవతల ధన్ ధన్ మని చప్పుడొస్తుంటే నాకు చిరాకూ, సంతోషమూ రెండూను. అన్వరీ మిషను ఆపి మరీ వచ్చి నిలబడేది. ఎడమ బాణం తప్పినప్పుడల్లా గుడ్డల మీద గీసే సుద్దతో గోడ మీద ఒక గీత. ఆట అయిపోగానే మ్యాట్ నాలుగు మడతలు, అరచేత్తో రుద్దు, బీరువా కింద.

పది రోజుల పాటు గీతలు తగ్గాయి. ఆ తరవాత పెరగడం మొదలైంది. ఎనిమిది ఎడమ బాణాలొస్తే రెండు తప్పేవి, తరవాత మూడు, ఆ వారం చివరికి ఐదు. కుడివైపు ఒక్కటీ తప్పదు. అన్వరీకి అన్నం సయించడం మానేసింది. మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఎక్స్‌రే చూసి ఎముక బాగుందన్నారు. బాగుంటే మరి ఎందుకు తప్పుతోందో చెప్పలేదు. ఆవిడ అక్కడ డాన్స్ మ్యాట్ ఊసెత్తలేదు, ఎత్తితే నవ్వుతారని.

ఆ రోజుల్లోనే ఒకసారి అఫ్సా నా కొట్టు మెట్టు మీద కూర్చుని, "అంకుల్, నేను కాలు వేస్తున్నాను. అదే తీసుకోవట్లేదు" అంది. నేను సోల్డరింగ్ నుంచి తలెత్తకుండా, "ఆడలేక మద్దెల ఓడందిట నీలాంటిదే" అని నవ్వాను. పక్కనున్న ఇమామూ నవ్వాడు. పిల్ల నవ్వలేదు, లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఇలాంటి సరుకు విప్పడమే వృత్తిగా బతికేవాణ్ణి. ఆ క్షణాన నాకు తట్టలేదంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మే మూడోవారానికి అఫ్సా మళ్ళీ గోడ పట్టుకుంది. తన కాలు తన మాట వినడం లేదని తేల్చేసుకుంది. అన్వరీ మాత్రం రోజూ మ్యాట్ ఎక్కించేది. "గట్టిగా వెయ్యి. ఇంకా గట్టిగా" అనే మాట గోడలోంచి వినపడేది. ఎంత గట్టిగా వేస్తే అన్ని మిస్సులు. ఒక మధ్యాహ్నం చప్పుడు ఆగింది. తరవాత చెంపదెబ్బ చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు, ఏడుపు కూడా. నేను కొట్టు అలాగే వదిలేసి వెళ్ళాను.

అఫ్సా మూల నిలబడి ఉంది. అన్వరీ నేల మీద మోకాళ్ళేసి మ్యాట్ మడుస్తోంది. సగానికి ఒక మడత, మళ్ళీ సగానికి ఇంకొకటి, దాని మీద అరచేత్తో రుద్దు. రెక్సిన్‌కి గీత పడేలా రుద్దినట్టే రుద్దింది. అది చూడగానే దగ్గరికెళ్ళి ఆపాను.

"రోజూ ఇలాగే మడుస్తావా అమ్మా?"

"మరి? పరిచే ఉంచుతారా ఎవరైనా?"

"దాన్ని పరుచు. నువ్వెక్కు."

"నేనా? ఏం మాటలండీ."

"నీ కాలు విరగలేదుగా. ఎక్కు."

చున్నీ బిగించుకుని, సిగ్గుపడుతూనే ఎక్కింది. టీవీ పెట్టాను. ఎడమ బాణం వచ్చినప్పుడల్లా చెప్పాను, వేసింది. మిస్. మళ్ళీ మిస్. ఎనిమిదికి ఎనిమిదీ మిస్సే. పాట అయిపోయినా ఆవిడ ఇంకా ఆ బాణాన్ని తొక్కుతూనే ఉంది. తరవాత దాని మీదే కూలబడింది.

"పిల్ల ముందే చెప్పిందన్నయ్యా. అమ్మీ, అదే తీసుకోవట్లేదు అని నాతో అంది. నేను దాన్ని కొట్టాను."

నాక్కూడా చెప్పిందని నేనూ ఒప్పుకున్నాను. అఫ్సా వైపు తిరిగి తప్పు నాదీ ఉందమ్మా అన్నాను.

అంచు కుట్టు అన్వరీయే విప్పింది. లోపల ఉండేది అంతా ఇంతే: రెండు పలచటి ప్లాస్టిక్ పొరలు, వాటి మీద నల్లటి కార్బన్ గీతలు, మధ్య చిల్లుల స్పాంజి. కాలు పడితే చిల్లులోంచి పై పొర కింది పొరని తాకాలి. తాకిన కబురు ఆ గీత వెంట మ్యాట్ అంచునున్న చిన్న డబ్బాకి చేరాలి. చెమట కాళ్ళు, తడిగుడ్డ పెట్టిన గచ్చు, డబ్బా పట్టుకు లాగడం, వీటన్నిటినీ మ్యాట్ కొంతకాలం ఓర్చుకుంటుంది. మడత మాత్రం ఓర్చుకోదు. ఎడమ బాణం గీత సరిగ్గా మడత దగ్గర చిట్లి ఉంది. ఒక్కసారిగా తెగితే ఏనాడో తెలిసేది. రోజుకింత చిట్లింది కాబట్టి, రోజుకింత కాలు నీరసిస్తున్నట్టు కనిపించింది. కుడి గీత కూడా కొంచెం చిట్లింది గానీ ఇంకా తెగలేదు. గట్టిగా తొక్కించిన చోట స్పాంజి అణిగి పిండిలా రాలుతోంది.

ప్లాస్టిక్ మీద సోల్డరింగ్ పెడితే కరిగిపోతుంది. సిగరెట్ పెట్టెలో వెండి కాగితం సన్నగా కత్తిరించి, మెరిసే వైపు గీతకి ఆనేలా పెట్టి టేపు వేశాను. సీట్ల స్పాంజిలోంచి అన్వరీ పలచటి ముక్క కోసి, అవే చిల్లులు తీసి, అంచు మళ్ళీ కుట్టింది. నేనెక్కి తొక్కితే ఎడమ బాణం టక్కున పడింది.

"రా అఫ్సా, బాగైపోయింది" అన్నాను గొప్పగా.

పిల్ల కదల్లేదు. "బాగు చేసేశారుగా. ఇప్పుడు మిస్ వస్తే నా కాలే కదా" అంది.

మూడు వారాల పాటు మేం ఆ పిల్లకి నేర్పించింది ఇదన్నమాట. అన్వరీ దగ్గరికి వెళ్ళి చెంప తడిమింది. "వస్తే రానీ. నేను పక్కనే ఉంటాగా" అంది.

"వద్దు అమ్మీ. నువ్వు బయటికెళ్ళు. నువ్వుంటే తెర చూడలేను, నీ మొహమే చూస్తాను."

దెబ్బ తిన్నదానిలా అన్వరీ నా వెంట బయటికొచ్చింది. నా కొట్టు ముందు స్టూలు వేస్తే కూర్చుంది. లోపల పాట మొదలైంది. ఒక కాలి చప్పుడు గట్టిగా, ఒకటి మెల్లగా. ఏది పడుతోందో, ఏది పోతోందో బయటికి తెలిసే దారి లేదు. ఆవిడ చున్నీ కొంగు మెలిపెడుతూ గోడనే చూస్తోంది. మధ్యలో చప్పుడు ఆగింది. లేవబోయింది. కూర్చో అన్నాను. కూర్చుంది. మళ్ళీ చప్పుడు మొదలైంది.

పాట అయిపోయింది. కాసేపటికి అఫ్సా గుమ్మంలోకొచ్చింది. కొంచెం కుంటుతోంది, గోడ మాత్రం పట్టుకోలేదు. అన్వరీ పెదాలు "ఎన్ని" అనే మాట దాకా వచ్చాయి. నేను చూశాను. ఆవిడ దాన్ని మింగేసింది.

"ఆకలేస్తోందా?" అంది.

"ఊఁ" అని, అడక్కపోయినా తనే చెప్పింది పిల్ల, "ఎడమవి ఐదు పడ్డాయి. మూడు పోయాయి."

"పోతే పోనీ" అంది అన్వరీ. ఆ రెండు ముక్కలూ అనడానికి ఆవిడ ఎంత బలం కూడగట్టుకోవాల్సి వచ్చిందో పక్కన నిలబడ్డవాణ్ణి కాబట్టి నాకు తెలుసు.