మొంజియా మంట పరీక్ష

మొంజియా ఎడమ కనుబొమ కాస్త పలచన. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఒక పొడి తాననుకున్నదానికంటే ఎంత చురుకైనదో తేల్చుకోబోయి ఆ కనుబొమలో సగం పోగొట్టుకుంది. మళ్ళీ మొలిచింది గాని, పాత ఉత్సాహం లేకుండా మొలిచింది. ట్యునీషియాలో, స్ఫాక్స్ రేవు పక్కనున్న ఆ పరీక్షాకేంద్రంవాళ్ళు ఆమెను తీసుకున్నది ఆరు నెలలకని. ఇప్పటికి ఇరవయ్యారేళ్ళయింది. పర్మనెంటు చేయాలా వద్దా అని యాజమాన్యం ఇంకా ఆలోచిస్తూనే ఉంది. అంతటి నిర్ణయం తొందరపడి తీసుకుంటారా మరి!

ఓడల్లో వచ్చే పొడులు పక్కవాటిని మండిస్తాయా లేదా అని చూడటం ఆమె పని. ఈ జాతి పొడులు తమంతట తాము మండవు. పక్కన ఏ గడ్డో గోనెసంచో అంటుకుంటే మాత్రం, ఆ మంటకు కావలసిన ఆక్సిజన్‌ను దగ్గరుండి మరీ అందిస్తాయి. మొంజియా ఆడపడుచు స్వభావమూ అదే కాబట్టి ఆమెకు ఈ శాస్త్రం అర్థం కావడానికి పుస్తకాలు పెద్దగా అవసరం పడలేదు.

ఆ మార్చిలో నాజీ అనే వ్యాపారి జీన్సు గుడ్డలు వెలిసేట్టు చేసే తెల్లపొడి తెప్పించాడు. నాలుగు వందల మూటలు. వాటిని పెట్టబోయేది ఆలివ్ పిప్పి గోదాములో. నూనె తీశాక మిగిలిన పిప్పి అక్కడ ఎండి, కప్పుదాకా పేరుకుపోయి ఉంది. స్థలం బాగా కలిసొచ్చిందని నాజీ మురిసిపోయాడు.

మొంజియా నమూనా తీసుకుంది. దూదిపిండిలాంటి సెల్యులోజ్‌ను పొయ్యిలో ఆరబెట్టి, పొడితో కలిపి, పలకమీద గోపురంలా పోసి, అడుగున తీగచుట్ట పెట్టి కాల్చింది. పోల్చి చూసుకోవడానికి ఒక ప్రామాణిక మిశ్రమం ఉంటుంది. అది కాలిపోవడానికి దాదాపు నూరు సెకన్లు తీసుకుంది. దానికంటే త్వరగా కాలితే ప్రమాదమన్నట్టే. నాజీ పొడి ఇరవైరెండు సెకన్లలో ముగించింది. అయిదుసార్లు చేసినా ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ, అంతే. ఆమె నివేదిక రాసుకుని డైరెక్టర్ లస్‌అద్ గదికి వెళ్ళింది. నాజీ అప్పటికే అక్కడ కాఫీ తాగుతున్నాడు.

"లల్లా మొంజియా, ఏంటిది?" అన్నాడు లస్‌అద్, 'అమ్మగారూ' అన్నంత మర్యాదగా, కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని. "అమ్మినవాళ్ళు మండదని రాసిచ్చారుగా!"

"అది మండదు సీ లస్‌అద్," అంది, ఆమె కూడా 'గారు'లాంటి 'సీ' తగిలించి. "పక్కనున్నవాటిని మండిస్తుంది."

"మా అత్తగారిలాగానా?"

"ఆ మాట మీరన్నారు, నేను కాదు."

నాజీ కప్పు కింద పెట్టాడు. "అమ్మా, నువ్వు దాన్లో దూదిపిండి కలిపి కాల్చావు. అంటుకుంది. దూది అంటుకోక పాడుతుందా? నా సరుకుమీద పడతావేంటి?"

లస్‌అద్‌కు ఈ వాదం తెగ నచ్చింది. తానూ శాస్త్రవేత్తే కనుక అప్పటికప్పుడు ప్రయోగానికి దిగాడు. చెంచాడు పొడి తెప్పించి, జేబులోంచి లైటరు తీసి కింద మంట పెట్టాడు. చెంచా వేడెక్కింది, వేలు చురుక్కుమంది, పొడి మాత్రం మండలేదు. నాజీ చప్పట్లు కొట్టాడు. మనుషులు వందేళ్ళు కూర్చుని రూపొందించిన పరీక్షలను ఒక చెంచా, ఒక లైటరు అరనిమిషంలో కొట్టేశాయి.

"ప్రమాదకరం కాదని రాసి సంతకం పెట్టు," అన్నాడు లస్‌అద్.

"నేను పెట్టను."

"ఎందుకు పెట్టవు?"

"నా పేరుమీద కాలింది కనుబొమ ఒక్కటి చాలు."

లస్‌అద్ తనే సంతకం పెట్టుకున్నాడు. మొంజియాను మర్నాటినుంచి నమూనాసీసాల గదికి మార్చాడు. అక్కడ ఆమె పని సీసాలమీద దుమ్ము తుడవటం, దుమ్ము తుడిచినట్టు రోజూ సంతకం పెట్టడం. ఆ సంతకం విషయంలో ఎవరికీ ఏ అనుమానమూ కలగలేదు.

ఇంటికి వెళ్ళాక ఆమెకు అన్నం సయించలేదు. భయమూ కోపమూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఉద్యోగం పోతే ఇంకొకటి ఇచ్చేవాళ్ళు లేరు. కాని ఆ గోదాములో మూటలు మోసే ముప్పైమందీ సిగరెట్టు నోట్లో పెట్టుకునే మోస్తారు. అందులో సగంమందిని పేరు పెట్టి పిలవగలదు.

మూటలు దిగే రోజు పొద్దున్నే మోపెడ్ వేసుకుని గోదాము దగ్గరికి వెళ్ళింది. సంచీలో రెండు పెంకుముక్కలు, అగ్గిపెట్టె, నమూనాలోంచి తీసిన కాస్త పొడి ఉన్నాయి. మేస్త్రీ ఖ్మయిస్ గుమ్మంలో కూర్చుని ట్యూనా చేప, హరిస్సా కారం కూరిన రొట్టె తింటున్నాడు. పక్కనే సిగరెట్టు కాలుతోంది.

"ఏంటక్కా, దారి తప్పావా? నీ రాజ్యం సీసాల గది కదా ఇప్పుడు!"

"వార్త అప్పుడే ఇక్కడిదాకా వచ్చిందా?"

"స్ఫాక్స్‌లో వార్త ఆగుతుందా! ఓడే ఆలస్యం."

"అయితే ఒకసారి లేచి, నాలుగడుగులు దూరంగా నిలబడు."

ఖాళీ సిమెంటు నేలమీద, మూటల బండ్లకూ పిప్పికీ చాలా దూరంగా, రెండు పెంకులూ పెట్టింది. రెంటిమీదా చెంచాడేసి ఎండు పిప్పి పోసింది. ఒకదాన్లో పొడి కలిపింది. మొదటిదానికి అగ్గి పెడితే నల్లటి పొగ వదులుతూ, బద్ధకంగా, అప్పుడప్పుడూ ఆరిపోతూ కాలింది. కూలీలు నవ్వారు. "మా పెద్దాయన పని ఇలాగే ఉంటుంది," అని ఎవరో ఖ్మయిస్‌ను వెక్కిరించారు.

పొడవాటి పుల్లతో రెండోదానికి అంటించింది. బుస్సుమంది. తెల్లటి మంట మోకాలెత్తు లేచి, ఎవరైనా నోరు తెరిచేలోపు పెంకుమీద బూడిద మిగిల్చి పోయింది.

ఖ్మయిస్ నోట్లో ఉన్న రొట్టె మింగాడు. సిగరెట్టు తీసి దానివంక ఒకసారి చూసి, చెప్పుకింద వేసి బాగా నలిపాడు.

"అది చెంచాడు," అంది మొంజియా. "వచ్చేవి నాలుగు వందల మూటలు."

"ఒరేయ్, బండ్లు వెనక్కి తిప్పండి!" అని అరిచాడతను.

ఇక నాజీ వచ్చాడు, లస్‌అద్ వచ్చాడు. లస్‌అద్ తన సంతకమున్న కాగితాన్ని గాలిలో ఊపాడు.

"ప్రమాదం లేదని రాశాను కదయ్యా!"

"అయితే మొదటి మూట మీరు మొయ్యండి సీ లస్‌అద్," అన్నాడు ఖ్మయిస్ ఎంతో మర్యాదగా. "పిప్పి పక్కన దించి, దానిమీద కూర్చోండి. మేం బయటినుంచి చూస్తాం."

లస్‌అద్‌కు ఆ రోజు నడుము నొప్పి ఉందని అప్పుడే అందరికీ తెలిసింది.

మధ్యాహ్నానికి మూటలన్నీ రేవు ఆ చివర, పరీక్షాకేంద్రం గోడ అవతలున్న ఖాళీ సిమెంటు షెడ్డుకు చేరాయి. కారణం: "గాలి బాగా ఆడటం కోసం." కాగితం మారలేదు, పొడి అధికారికంగా అమాయకురాలే. మారింది మొంజియా ఫైలే. అనుమతి లేకుండా మూడు గ్రాముల నమూనాను వృథా చేసినందుకు అందులో హెచ్చరిక చేరింది. ఆమె చదివి, అచ్చుతప్పులు రెండు దిద్ది, అందినట్టు సంతకం పెట్టి ఇచ్చేసింది.

నెల తిరక్కుండా, పొడి పంపినవాళ్ళ దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. పొరపాటున వేరే సరుకు కాగితాలు జతచేశామనీ, ఇది మంటను ఎగదోసే రకమనీ, కాలే వస్తువుల దగ్గర పెట్టవద్దనీ, క్షమించమనీ. లస్‌అద్ సిబ్బంది అందరినీ పిలిచి ఉపన్యాసం ఇచ్చాడు. ఆ ప్రమాదాన్ని మన కేంద్రం ముందే పసిగట్టిందనీ, ఇదంతా సమష్టి కృషి అనీ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. మొంజియా కూడా కొట్టింది, మర్యాద తెలిసిన మనిషి కనుక.

ఆ మధ్యాహ్నమే లస్‌అద్ సీసాల గది గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"లల్లా మొంజియా, రేపటినుంచి మళ్ళీ ల్యాబులోకి రా. అన్నట్టు, ఆ షెడ్డుకి నా కారు పెట్టే చోటు ఎంత దూరం ఉంటుందంటావు?"

"గోడ ఇవతలే కదా. పదిహేనడుగులు."

మర్నాడు అతను కారు రేవు గేటు బయట పెట్టి, ఎండలో, కోటు భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. మొంజియా అప్పటికే తెల్లకోటు వేసుకుని, కొత్తగా వచ్చిన ఒక బూడిదరంగు పొడిని తూకం వేస్తోంది.