వెర్నా కుట్టిన కిటికీ కవర్లు

వెర్నా ఒకచోట కుదురుగా కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. కూర్చుంటే ఒళ్లో కుట్టుపని ఉండాలి. అది అయిపోతే కాళ్లు ఊపుతుంది. కాళ్లు ఊపడం కూడా విసుగు పుడితే వ్యాన్ స్టార్ట్ చేసుకుని ఎటో వెళ్లిపోతుంది. ఇద్దరు మొగుళ్లు, అరడజను ఊళ్లు, ఎన్నో ఉద్యోగాలు ఈ కుదురులేనితనం వల్లే వదిలేశానని ఆమే చెబుతుంది, అదేదో ఘనకార్యం చేసినట్టు.

శీతాకాలం వస్తే ఈ అరిజోనా ఎడారిలో మాలాంటివాళ్లు వందలమంది దిగుతారు. మాకు ఇల్లన్నా వ్యానే, వాకిలన్నా వ్యానే. వ్యాన్‌లో బతికేవాడికి కిటికీలతోనే తంటా. ఎండా వాటిలోంచే వస్తుంది, చలీ వాటిలోంచే వస్తుంది, పక్కవాడి చూపూ వాటిలోంచే దూరుతుంది. వెర్నా ఆ కిటికీలకు కవర్లు కుట్టిపెడుతుంది. బయటివైపు తళతళలాడే బుడగల షీటు, మధ్యలో పలచటి దూది, లోపలివైపు నల్లగుడ్డ. ముందు గాజు మీద కాగితం పరిచి ఆకారం గీసుకుంటుంది. గీత మీద కోయదు, గోరంత ఎక్కువ ఉంచి కోస్తుంది. అందుకే ఆమె కవర్ ఏ అతుకూ లేకుండానే కిటికీ చట్రంలో బిగుసుకుని నిలబడుతుంది. ఏ మూలనుంచైనా సూదిమొనంత వెలుతురు లోపలికి వస్తే చాలు, అంతా విప్పి మళ్లీ కుడుతుంది. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసి పగలు పడుకున్న మనిషి కదా, వెలుతురంటే ఆమెకు పాత పగ.

మాలో ఒక కట్టుబాటు ఉంది. కిటికీలన్నీ కప్పి ఉన్న వ్యాన్ తలుపు ఎవరూ కొట్టరు. లోపలి మనిషి నిద్రపోతున్నా, ఏడుస్తున్నా, మా మొహాలు చూడబుద్ధి కాక పడుకున్నా అది వాళ్లిష్టం. పొద్దున్నే ముందు అద్దం కవర్ తీశారంటే లేచారని అర్థం. అప్పుడు కాఫీ పట్టుకుని వెళ్లి కబుర్లు చెప్పుకోవచ్చు. కప్పి ఉండగా తలుపు కొట్టేది పోలీసులు, లేదంటే నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు.

ఈ కట్టుబాటు మీద ఎల్డన్‌కి పట్టింపు మరీ ఎక్కువ. స్కూలు బస్సు నడిపి రిటైరైన ముసలాయన. ఒకసారి ఎవరో అగ్గిపెట్టె కోసం తలుపు కొట్టారని ఆ చలికాలమంతా వాళ్లతో మాట మానేశాడు. వెర్నాతో మాత్రం రోజూ పేకాట, రోజూ పోట్లాట. ఆమె వచ్చి పక్కన వ్యాన్ ఆపగానే "మళ్లీ ఎప్పుడు పోతున్నావు తల్లీ?" అని వెక్కిరించేవాడు. ఆ మాటకు ఆమె ఏనాడూ జవాబు చెప్పలేదు, ఏనాడూ చెప్పి వెళ్లనూ లేదు. తెల్లారి చూస్తే ఇసుకలో టైర్ల గుర్తులే ఉండేవి.

ఆ ఏడాది ఏప్రిల్లోనే ఎండలు ముదిరాయి. జనమంతా చల్లదనం కోసం ఫ్లాగ్‌స్టాఫ్ కొండల మీదికి ఎక్కేశారు. ఆ ఎడారి మైదానంలో మేం ముగ్గురం మిగిలాం. నా వ్యాన్ చెడిపోయి ఏదో సామాను రావాలి. ఎల్డన్‌కి బద్ధకం. నీకేం పని ఇక్కడ అని వెర్నాని అడిగితే కసిరింది. నాకు తెలియదా, ముసలాయన్ని ఒక్కణ్ణీ వదిలి పోలేక ఉండిపోయింది. ఆయన కిటికీలన్నిటికీ కొత్త కవర్లు కుట్టింది, ముందు అద్దానికైతే మరీ మందంగా. పగలు కూడా తీయొద్దని, తీస్తే లోపల రొట్టె కాలినట్టు కాలతావని బెదిరించి మరీ పెట్టించింది.

కవర్లు పగలంతా ఉంటే లేచిన మనిషికీ లేవని మనిషికీ తేడా బయటికి ఎలా తెలుస్తుంది? చలికాలపు కట్టుబాటు ఎండాకాలంలో పనికిరాదని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఎల్డన్ తలనొప్పిగా ఉందని పేకాట మధ్యలో లేచిపోయాడు. మర్నాడు పొద్దున వెర్నా సామాను సర్దేసి ఇంజిన్ స్టార్ట్ చేసింది. ఇక తన వల్ల కాదని, కొండల మీదికి పోతున్నానని నాతో చెప్పింది. ఈసారి ఆయనకు కూడా చెప్పి వెళ్దామనుకున్నట్టుంది. ఎల్డన్ వ్యాన్ దాకా వెళ్లింది. నాలుగు వైపులా కవర్లు. వెనక్కి వచ్చింది. నా దగ్గర టీ తాగి మళ్లీ వెళ్లింది. వ్యాన్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, మళ్లీ వచ్చి, మళ్లీ వెళ్లింది. నిద్రపోతున్నాడేమో అన్నాను. ఈ ఎండలో ఇంతసేపా అంది. చెయ్యి తలుపు దాకా ఎత్తి దించేసింది. ఆ తిరుగుడు చూసి నాకు చిరాకెత్తి, వెళ్తే వెళ్లు, కొడితే కొట్టు, నా తల తినకు అని కసురుకున్నాను.

"పైన ఫ్యాన్ తిరగట్లేదు, చూశావా?" అంది.

చూస్తే నిజమే. కప్పు మీది ఫ్యాన్ రెక్కలు కదలడం లేదు. ఈ ఎండలో అది ఆగిందంటే లోపలి మనిషి ఉడికిపోవాల్సిందే.

"సందు లేకుండా కుట్టి నేనే పెట్టించాను. ఇప్పుడు లోపల ఉన్నాడో పోయాడో కూడా కనబడట్లేదు," అంటూ తలుపు కొట్టింది. ముందు వేళ్లతో, తర్వాత పిడికిలితో, తర్వాత రెండు చేతులతో. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. తలుపు తాళం వేసి ఉంది.

నేను సుత్తి తెచ్చి వెనక కిటికీ పగలగొట్టాను. గాజంతా రాలిపోయింది, కవర్ మాత్రం చట్రంలో అలాగే నిలబడింది. వెర్నా దాన్ని భుజంతో తోసింది. రాలేదు. తన చేతిపనిని తానే బూతులు తిట్టుకుంటూ కత్తెరతో పొడిచి నిలువునా చీల్చేసింది. లోపల్నుంచి పొయ్యి మూత తీసినట్టు వేడి కొట్టింది. ఎల్డన్ మంచం మీద ఉన్నాడు. మొహం ఎర్రగా కమిలిపోయింది, ఒంటి మీద చెమటన్నది లేదు, కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఊపిరి మాత్రం ఆడుతోంది.

ఇద్దరం ఆయన్ని వెర్నా వ్యాన్‌లోకి మోసుకెళ్లి, ఏసీ పెట్టి, తడి తువ్వాళ్లు కప్పి, ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిపొడుగునా వెర్నా డ్రైవ్ చేస్తూ ఆయన్ని తిడుతూనే ఉంది. నేను వెనక కూర్చుని తువ్వాళ్ల మీద నీళ్లు పోస్తూ ఉన్నాను.

ఆయనకు మాట వచ్చేదాకా ఆమె ఆసుపత్రి వరండాలో తిరుగుతూనే ఉంది. నర్సులు కూర్చోమని రెండుసార్లు గదమాయించారు. చివరికి ఆయన కళ్లు తెరిచి ఆమె వైపు చూశాడు.

"పొద్దుట్నించీ నీ చెప్పుల చప్పుడు వింటూనే ఉన్నా," అన్నాడు. "నోరు పెగల్లేదు. కొట్టు, కొట్టు అని లోపల్లోపల అనుకుంటున్నా. ఇంజిన్ చప్పుడు కూడా వినబడింది. ఇంక పోతావనుకున్నా తల్లీ."

వెర్నా గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

అదయ్యాక ఆమె ఆ కట్టుబాటును మానేసింది. ఎక్కడ దిగినా సరే, పొద్దెక్కాక కప్పి ఉన్న ప్రతి వ్యాన్ తలుపూ కొడుతుంది. జనం మండిపడతారు. మర్యాద లేదంటారు, పిచ్చిదంటారు, వాళ్లూ వీళ్లూ కలిసి ఆమెను వెళ్లగొట్టాలని కూడా చూశారు. ఎల్డన్ ఆమె వైపే మాట్లాడతాడు గానీ, తన తలుపు కొట్టినప్పుడు మాత్రం గొణుగుతాడు.

మొన్న పొద్దున నా తలుపూ కొట్టింది. మంచి నిద్రలో ఉన్నాను. లేచి తలుపు తీయకుండానే నోటికొచ్చినట్టు తిట్టాను.

"అది చాలు," అని పక్క వ్యాన్‌కి వెళ్లిపోయింది.