తుమ్మడానికి అనుమతి

మా కినుయొ నాన్నమ్మ, తాతయ్యని అడక్కుండా తుమ్మేది కూడా కాదు. ముక్కు పట్టుకుని, ఒసాకాలోని మా గొడుగుల కొట్టు ముందుగదిలోకి పరుగెత్తుకొచ్చి, బేరానికొచ్చినవాళ్లంతా వినేలా "ఏమండీ, తుమ్మనా?" అనేది. చదరంగం బల్ల మీంచి తలెత్తకుండా తాతయ్య "సరే" అనేవాడు. అప్పుడు వీధి అదిరేలా తుమ్మేది.

ఇదంతా పతిభక్తి అనుకునేరు. ఒట్టి కోపం. వాళ్లమ్మ రాసిచ్చిన ఇల్లు అద్దెకిద్దామని రిజిస్ట్రీ ఆఫీసుకి వెళితే, భర్త అనుమతి లేనిదే పెళ్లాం కాగితం మీద సంతకంగా వేసిన ముద్ర చెల్లదని, చట్టం అంతేనని, ముక్కుపచ్చలారని గుమాస్తా ఒకడు వెనక్కి పంపాడు. కొట్టు నడిపేది ఆవిడ. గొడుగు ఏ వైపు తెరుచుకుంటుందో కూడా తాతయ్యకి తెలీదు. "చట్టానికి అనుమతి కావాలిట. కడుపు పగిలేదాకా పెడతాను" అంది. ఆ రోజునుంచీ ముల్లంగి తరగాలన్నా అనుమతి, పిల్లిని తరమాలన్నా అనుమతి. తాతయ్యని తిట్టాలన్నా ముందు అడిగేది. ఆయన సరే అనేవాడు, ఆవిడ తిట్టేది.

ఇలా ఉండగా మా చిన్నాన్న పోయాడు. ఆయన భార్య హిసాయె పిన్నికి పిల్లని తీసుకుని టోక్యో వెళ్లి లా చదవాలని ఉంది. ఆడవాళ్లూ వకీళ్లు కావచ్చని అప్పుడే కొత్త చట్టం వచ్చింది. కానీ చట్టం ప్రకారం ఇంటి పెద్ద, అంటే తాతయ్య, ఒప్పుకోనిదే కోడలు వేరే ఊళ్లో ఉండడానికి లేదు. తాతయ్య తమ్ముడు గెన్‌జో, సంవత్సరీకం కాగానే ఆమెని తన బావమరిదికి కట్టబెడతానని ఊరంతా చాటుతున్నాడు. తాతయ్య ఔననడు, కాదనడు. పిన్ని ఏడుస్తుంటే నాన్నమ్మ కసిరింది: "ఊరుకో. ఆయన నాలుకకి ఇన్నాళ్లూ సాధన చేయించింది ఎందుకనుకున్నావు?"

సంవత్సరీకం నాడు బౌద్ధ సన్యాసి మంత్రాలు ముగించాడు. చుట్టాలంతా చాపల మీద కూర్చున్నారు. నాన్నమ్మ కళ్లల్లో నిప్పులు.

"ఏమండీ, టీ పోయనా?"

"సరే."

"టోఫు వడ్డించనా?"

"సరే."

"హిసాయెని, పిల్లని టోక్యో పంపనా, లా చదువుకి?"

"సరే."

గెన్‌జో చేతిలో గిన్నె ఒలికిపోయింది. "అన్నయ్యా, వదిన ఏమడిగిందో విన్నావా? అలవాటుకొద్దీ అనేశావు."

"మూడేళ్లుగా వింటూనే ఉన్నానురా," అన్నాడు తాతయ్య, టోఫు నములుతూ. "అడగాల్సింది ఇవాళ్టికి అడిగింది. ఇంతమంది ముందు ఇంటి పెద్ద అన్న మాట. కావాలంటే చట్టంతో పోట్లాడుకో."

నాన్నమ్మ అడక్కుండానే ఆయన గిన్నెలో ఇంకో టోఫు ముక్క వేసింది. మూడేళ్లలో అదే మొదటిసారి.

స్టేషన్‌లో రైలు కదిలింది. పిన్ని కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. తాతయ్య నాన్నమ్మ వైపు వంగాడు.

"ఏమే, కాస్త ఏడవనా?"

"అనుమతి లేదు," అని, తన చేతిరుమాలు ఆయన గుప్పిట్లో కుక్కింది నాన్నమ్మ.