విమానం వాకిట్లో

విమానంలోంచి దూకే పని నేర్చుకొచ్చానంటే మా మైదుకూరు వైపు ఎవరూ నమ్మలేదు. "పోతా ఉన్న విమానం నుంచి ఎందుకు దుంకినావప్పా, చెడిపోయెనా?" అని అడిగారు. చెడిపోలేదు, మమ్మల్ని దింపేసి వెనక్కి వెళ్లి ఇంకో జట్టును ఎక్కించుకుంది అన్నాను. మా చిన్నాయన నావైపు జాలిగా చూసి, పట్టాళం నీళ్లు వీనికి పడలేదని తేల్చేశాడు. నాకు అసలే కోపం ఎక్కువ. అప్పటినుంచి ఊళ్లో ఆ మాట ఎత్తడం మానేశాను.

నన్నూ, నాతోపాటు దూకిన స్నేహితుణ్ణీ నమ్మే ఇల్లు ఒక్కటే ఉండేది. కర్నూల్లో కోట వెనక సందులో, పరుపులు కుట్టుకుని బతికే ఒక పెద్దావిడ ఇల్లు. మేము ఆమెను పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె కొడుకు మాతోపాటే పట్టాళంలో ఉండేవాడు.

యుద్ధం రోజుల్లో, రావల్పిండి అవతల ఒక మైదానంలో, పారాచూట్ కట్టుకుని దూకడం మాకు నేర్పారు. దాన్ని మేము ఛత్రీ అనేవాళ్లం. ఆ జట్టులో మన జిల్లాలవాళ్లం ముగ్గురమే. ఒకడు నేను. ఇంకొకడు రాజంపేటవాడు, తర్వాత కర్నూలు-కడప బస్సుకు డ్రైవరయ్యాడు. మూడోవాడు పెద్దమ్మ కొడుకు, దూదేకులవాడు. విమానంలో ముందు వాడు, వాడి వెనక నేను, నా వెనక డ్రైవరు. మూడోసారి దూకినప్పుడు వాడు చనిపోయాడు. అక్కడే పాతిపెట్టాం. ఆ తర్వాత దేశం రెండు ముక్కలైంది, వాడి సమాధి అవతలి ముక్కలో పడింది. తల్లి వెళ్లి ఒక పువ్వు పెట్టడానికి కూడా వీల్లేని చోటైంది. శిక్షణలో ప్రమాదం జరిగి పోయాడని సర్కారు పంపిన కబురు తప్ప ఆమెకు ఇంకేమీ తెలియదు.

పట్టాళం వదిలి రాగానే నేనూ డ్రైవరూ ఆమె దగ్గరికి వెళ్లాం. ఎట్లా చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూనే వెళ్లాం. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి, "మొదట్నుంచి చెప్పండి నాయనా" అంది. చెప్పాం. పరుగెత్తే లారీ వెనకనుంచి దూకడం, మోకాళ్లు దగ్గరపెట్టుకుని నేలమీద దొర్లడం, ఛత్రీ గుడ్డను తడిమి చూసి ఇందులో దూది కూరితే ఊరంతా పడుకోవచ్చని వాడు అనడం, అన్నీ చెప్పాం. ఆమె నవ్వింది కూడా. "మిద్దె ఎక్కితే దిగేదానికి ఏడుస్తాండె వాడు. ఆకాశం నుంచి ఎట్ల దుంకినాడో" అంది. విమానం పైకి లేచింది. ఎర్రదీపం వెలిగింది. దూకగానే ఛత్రీని లాగి తెరిచే తాళ్లు మా నడుముల వెనకనుంచి వస్తాయి, వాటి కొక్కేలను పైన తీగకు తగిలించుకున్నాం. వాడు వెళ్లి విమానం వాకిట్లో నిలబడ్డాడు. అంతవరకు వచ్చేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సాల్లే నాయనా. ఆడికి ఆపండి. బువ్వ తిందురు రాండి."

ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అంతే. వాకిలి దాటనిచ్చేది కాదు. వాకిట్లో ఎంతసేపైనా నిలబెట్టేది. గాలి ఎట్ల కొడతాండె, చొక్కా ఎగురుతాండెనా, కింద పొలాలు కనపడతాండెనా అని అడిగేది. ఇక దూకమని దీపం ఎరుపు నుంచి పచ్చగా మారే మాట వస్తే మాత్రం లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది.

యాభై మూడులో కర్నూలు రాజధాని అయింది. రాజధాని అంటే మేడలు అనుకునేరు. ఆఫీసులకు ఇళ్లు చాలక గుడారాలు వేశారు. ఎండకు లోపల కూర్చున్నవాళ్ల మాడు పగిలేది, గాలి లేచిందంటే అధికారులు కాగితాల మీద బోర్లా పడేవాళ్లు. తాళ్లూ మేకులూ తెలిసినవాడినని నాకక్కడ కాపలా పని ఇచ్చారు. డ్రైవరు బస్సు శుక్రవారం సాయంత్రాలు కర్నూల్లో ఆగేది. ఇద్దరం కలిసి పెద్దమ్మ ఇంటికి పోయేవాళ్లం.

చెప్పడం ఎక్కువగా డ్రైవరే చెప్పేవాడు. మేము దూకిన ఎత్తు వాడి నోట్లో వారం వారం పెరిగేది. "ఇంకొంచెం పెంచరా, మనం నేలకు దిగేసరికి యుద్ధం అయిపోతాది" అని నేను కసిరితే పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మళ్లీ వాకిలి వచ్చేది. మళ్లీ చెయ్యి అడ్డం పెట్టేది.

నాకు ఒళ్లు మండేది. సందులోంచి బయటపడగానే ఎన్నాళ్లురా ఈ నాటకం అని డ్రైవరు మీద పడేవాణ్ణి. "నీదేం పోయింది? ఆయమ్మకు వాడు ఆడ నిలబడితే సాలు" అనేవాడు వాడు. పెద్దమ్మ ఎప్పుడైనా అడిగితే చెప్పడానికి ఒక కథ కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. ఛత్రీ బాగానే తెరుచుకుందనీ, గాలి ఈడ్చుకుపోయి రాతికి కొట్టిందనీ, వాడికి ఏమీ తెలియకముందే ప్రాణం పోయిందనీ. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. నిజం నాకు తెలుసు. దాన్ని తల్లికి చెప్పే ధైర్యం నాకు లేదు.

యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. వేసిన చేతులతోనే గుడారాలు పీకాం. నన్నూ హైదరాబాదు రమ్మన్నారు. శనివారం బండి ఎక్కాలి. శుక్రవారం సాయంత్రం వెళ్లి పెద్దమ్మకు ఆ సంగతి చెప్పాను. ఆమె కుడుతున్న పరుపు పక్కకు తోసి, "చెప్పండి" అంది.

డ్రైవరు మొదలుపెట్టాడు. లారీలు, దొర్లడాలు, ఎర్రదీపం. వాకిట్లో వాడిని నిలబెట్టి అలవాటు ప్రకారం తనే ఆగాడు. పెద్దమ్మ చెయ్యి ఎత్తలేదు. బువ్వ మాటా ఎత్తలేదు.

"ఆగినారేం?" అంది. "దుంకనియ్యండి వాన్ని. ఎన్నేండ్లు నిలబడతాడు ఆ వాకిట్లో? కాళ్లు పీకవా వానికి?"

డ్రైవరు తన కథ ఎత్తుకున్నాడు. "ఆ పొద్దు శానా గాలి పెద్దమ్మా..."

"నువ్వు సూసినావా?"

వాడు తల దించుకున్నాడు. "లేదు పెద్దమ్మా. నేను ఎప్పుడూ కండ్లు మూసుకునే దుంకుతాంటి" అన్నాడు. అన్నేళ్ల గొప్పల వెనక ఆ సంగతి ఉందని నాక్కూడా తెలియదు. ఇంకో రోజైతే వాణ్ణి జన్మంతా ఏడిపించేవాణ్ణి.

ఆమె నావైపు తిరిగింది. "వీడు చెప్తే నా కొడుకు చందమామ మీదినుంచి దుంకుతాడు. వాని ఎనక నిలబడింది నువ్వు గదా. నువ్వు యాడికో పోతాండావు. ఈపొద్దు చెప్పి పో."

చెప్పాను. పచ్చదీపం వెలగగానే వాడు వెనక్కి తిరిగి, వస్తాండావు గదా అని అడిగాడు. నీ ఎనకనే అన్నాను. వాడు దూకాడు, నేనూ దూకాను. నా ఛత్రీ తెరుచుకుంది. కిందికి చూస్తే వాడిది తెరుచుకోలేదు. తాళ్లు మెలిపడి, గుడ్డ పిండిన చీరలాగా పైకి నిలబడి ఉంది. ఇంకో ఛత్రీ కట్టుకునే పద్ధతి అప్పట్లో లేదు.

"అరిసినాడా?"

"లేదు పెద్దమ్మా. మెలి పడితే తాళ్లు ఎట్ల ఇడదీయల్లో నేర్పిచ్చింటిరి. రెండు చేతులతో ఇడదీస్తానే ఉండాడు. ఆఖరిదాకా."

"భయపడినాడా?"

"భయపడేదానికి వానికి తీరిక లేకపాయ."

"నువ్వు సూస్తానే ఉంటివా? కండ్లు మూసుకోలేదా?"

"మూసుకోలేదు."

"అయితే ఒంటిగా పోలేదు నా బిడ్డ."

నేను ఏడ్చాను. సిగ్గుపడలేదు. స్నానం చేయించినారా, నమాజు చదివినారా అని ఆమె ఒక్కొక్కటే అడిగింది. పట్టాళంలోని సాయిబులు అన్నీ చేశారని చెప్పాను. పాడె మోసిన నలుగురిలో మేమిద్దరం ఉన్నామని డ్రైవరు చెప్పాడు. ఆమె మా ఇద్దరి భుజాలు తడిమి చూసింది.

తర్వాత, "ఎల్లుండి ఆదివారం గదా" అంది. ఔనన్నాను. "ఆదివారం జియారత్ పెట్టుకుందాం. ఉండి పో నాయనా."

జియారత్ అంటే మనిషి పోయిన మూడోనాడు చేసే కార్యం. మసీదు పెద్దలు ఎంత చెప్పినా ఇన్నేళ్లూ కొడుక్కి అది చేయించలేదట. నాకు ఆ రోజే తెలిసింది. ఈపొద్దు, రేపు, ఎల్లుండి అని ఆమె వేళ్లమీద లెక్కపెట్టుకుంటుంటే నేను శనివారం బండి మాట ఇక ఎత్తలేదు.

అప్పుడు పెద్దమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని ఏడ్చింది. ఇంట్లో శవం ఉన్నప్పుడు ఎట్లా ఏడుస్తారో అట్లా. సందులోవాళ్లు చేస్తున్న పనులు వదిలేసి పరుగెత్తుకొచ్చారు. గడపలో నిలబడి, ఎవరు పోయినారప్పా అని అడిగారు.

"పెద్దమ్మ కొడుకు" అన్నాడు డ్రైవరు. "ఇప్పుడే."