గుర్తు లేని బల్బులు

భద్రాచలంలో మా ఎలక్ట్రికల్ షాపు నా పేరు మీదే ఉండేది. అడవి పల్లెలకు కొత్తగా కరెంటు స్తంభాలు పడుతున్న రోజులవి. విదేశం నుంచి నేరుగా బల్బులు తెప్పిద్దామని మా ఆయన అన్నారు. ఇంగ్లీషులో ఉత్తరాలు రాసింది నేను.

ముందు నమూనాగా ఒక చిన్న పెట్టె వచ్చింది. వెలిగించి చూశాం, వెలుతురు నిండుగా ఉంది. రెండు ఉంచుకుని, మిగిలినవి సంతకు వచ్చే తెలిసినవాళ్లకు ఊరికే ఇచ్చి, అసలు సరుకుకు ఆర్డరు పెట్టాం.

ఆ సరుకు విశాఖపట్నం రేవులో ఆగిపోయింది. కస్టమ్స్ వాళ్లు విప్పి చూస్తే ఏ బల్బు మీదా ఐఎస్ఐ గుర్తు లేదు. బయటి నుంచి వచ్చే బల్బుకైనా ఆ గుర్తు తప్పనిసరి. అందుకు ఆ విదేశీ ఫ్యాక్టరీయే ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి, బల్బులు పరీక్షలో నెగ్గాలి. ఇదేదీ ముందు కనుక్కోలేదు. కనుక్కోవాల్సింది నేనే.

ఆయన విశాఖ వెళ్లారు. మూడో రోజు మధ్యాహ్నం షాపుకు ఫోన్ చేశారు.

"ఇక్కడొకతను దారి చెప్పాడు. వేరే ఫ్యాక్టరీ లైసెన్సు నంబరు మన బల్బుల మీద వేయిస్తాడంట. కాగితం ఫ్యాక్స్‌లో పంపాను. సంతకం పెట్టి ఐదింటిలోపు తిప్పి పంపు."

"ఆ లైసెన్సు మన బల్బులది కాదు కదండీ?"

"బల్బు వెలిగిందా లేదా? నువ్వూ చూశావుగా!"

పక్కనున్న ఎస్టీడీ బూతు నుంచి కాగితం తెచ్చుకున్నాను. 'ఈ సరుకు నిబంధనల ప్రకారమే తయారైంది' అని ఉంది. కింద నా పేరు. పెన్ను తీశాను కానీ సంతకం పెట్టలేదు. గోడ గడియారంలో మూడున్నర.

అంతలో ఒకాయన గుమ్మంలోకి వచ్చాడు. నమూనా బల్బు తీసుకెళ్లిన కోయ రైతు. భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద విప్పాడు. అందులో ఒట్టి గాజు బుడ్డి. ఇత్తడి మూత లేదు.

"నువ్విచ్చిన బుగ్గేనమ్మా. కరెంటు పోతే, బుగ్గ మాడిందనుకుని మా ఇంటామె తిప్పింది. గాజు చేతికొచ్చింది, మూత హోల్డర్లనే ఉన్నది. దాన్ని పీకబోతే కరెంటు వచ్చింది."

"ఇప్పుడెట్లుంది?"

"దవాఖానాల ఉన్నది. పానానికి భయం లేదన్నరు. చెయ్యి కాలింది."

అల్మారాలో ఉన్న బల్బు తీసి, మూత పట్టుకుని తిప్పాను. పెద్దగా బలం పెట్టకుండానే ఊడి వచ్చింది. రెండోదీ అంతే.

నాలుగున్నరకు ఆయనే మళ్లీ ఫోన్ చేశారు.

"పంపావా?"

"పంపను. ఎన్ని చెప్పినా పంపను." జరిగింది చెప్పాను.

తర్వాత ఆయన అడిగింది సరుకు గురించి కాదు.

"మిగతావి ఎవరెవరికిచ్చాం?"

ఫోన్లోనే ఇద్దరం ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటుంటే నేను కాగితం మీద రాశాను. షట్టరు దించి, ఆ రైతును వెంటబెట్టుకుని జీపు మాట్లాడుకున్నాను. ప్రతి ఊళ్లో దిగగానే నా మొదటి మాట ఒకటే: "బల్బు ముట్టుకోకండి." ఆఖరి ఇంట్లో ఒక ముసలామె స్టూలెక్కి ఆ బల్బు దుమ్మే తుడుస్తోంది. నా అరుపుకు బెదిరి స్టూలు దిగింది. మెయిన్ స్విచ్ ఆపించి, బల్బు విప్పి సంచిలో వేసుకున్నాను.

సరుకంతా తిరిగి ఓడెక్కింది. ఆ దెబ్బకు షాపు సగం ఖాళీ అయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించేది.

రెండు నెలల తర్వాత ఆ రైతు భార్య సంతకు వచ్చింది. కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదు. తప్పు మాదేనని చెప్పాను. నా ముఖంలోకి చూసింది.

"తెలిసే ఇచ్చినవా?"

"లేదక్కా."

"మరి చూసి ఇయ్యాలె గద," అంది. అని, చింతపండు బుట్ట నెత్తికెత్తుకుని సంతలోకి వెళ్లిపోయింది.