డాలు బటన్ తీసేసిన శ్రీపాల్

ఎవరినీ చిన్నచూపు చూడొద్దని పొద్దున దీపం పెట్టేటప్పుడు అనుకుంటాను. ఎదురింటి శ్రీపాల్ గేటు తీసి బయటికి వచ్చేదాకా ఆ మాట నిలుస్తుంది. ఆ తర్వాత నిలవదు.

మాది స్టేషన్ ఘన్‌పూర్. శ్రీపాల్ వాళ్లది చిల్పూర్ దగ్గరి ఊరు. వాళ్ల నాయిన రెండుసార్లు సర్పంచ్ చేసిన మనిషి, నెమ్మదస్తుడు. ఎవరి మాటైనా చివరిదాకా విని, అప్పుడు చుట్ట పక్కన పెట్టి మాట్లాడేవాడు. ఆయన పోయినంక శ్రీపాల్ పొలం కౌలుకిచ్చి, ఘన్‌పూర్‌లో మేడ కట్టుకుని, మా ఎదురుగా వచ్చి దిగాడు.

ముప్పై ఆరేళ్లుంటాయి. ఏం పని చేస్తాడంటే చెప్పడం కష్టం. తెల్ల చొక్కా వేసుకుని, కారెక్కి, ఎక్కడ పంచాయితీ జరిగితే అక్కడికి పోతాడు. అక్కడ ముందుగా గొంతు లేపేది ఆయనే. అవతలివాళ్లు నోరు తెరిచేలోపు తీర్పు సుత చెప్పి లేచొస్తాడు. బడిలో ఉన్నప్పుడు వాలీబాల్ ఆడేవాడట. ఒక్కనాడూ వంగి బంతి లేపింది లేదు. మిగిలిన ఐదుగురు మోకాళ్లు చెక్కుకుపోయేలా దుమ్ములో పడి బంతిని లేపి ఇస్తే, నెట్టు దగ్గర నిలబడి ఒక్క దెబ్బ కొట్టి, చొక్కా దులుపుకునేవాడట. దుమ్ము అంటిన వాళ్లు వేరే, దులుపుకునే మనిషి వేరే.

అట్లాంటి మనిషి చేతికి మూడేండ్ల కింద ఫోన్‌లో ఒక కత్తియుద్ధం ఆట దొరికింది. పేరు రణఖడ్గం. ఆ ఆట సంగతి నాకు చెప్పింది ఆయన డ్రైవర్ గణపతి. నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. మా ఇంటికి గ్యాస్ బండి వచ్చినప్పుడు అడగకుండానే వచ్చి బండను లోపల పెట్టిపోయేవాడు. ఒకరోజు కారు తుడుచుకుంటూ, నేను అడిగితే, ఫోన్ తీసి చూపించాడు.

“గిదంత దమ్ముతోని ఆట చిన్నమ్మా. గీ పచ్చ గీత సూడు, గది మన దమ్ము. అడ్డం కొట్టినా, నిలువు కొట్టినా, పొడిచినా, కొట్టినప్పుడల్లా గది జరంత తరుగుతది. ఊకె కొట్టుకుంట పోతే అయిపోతది. అయిపోతే మనోడు కత్తి కిందికేసి రొప్పుకుంట నిలవడ్తడు. అప్పుడు చిన్న పోరడు కొట్టినా పడ్తడు.”

“మరి ఏం చేయాలె?”

“డాలు ఎత్తాలె. ఎత్తి ఊకుంటే దమ్ము మళ్ల నిండుతది. అట్లని డాలు ఎత్తే ఉంచినవనుకో, పగుల్తది. ఎదుటోని కత్తి మన మీదికి వచ్చేముందు ఒక్కసారి తెల్లగ మెరుస్తది. రెప్పపాటంత. సరిగ్గ అప్పుడు ఎత్తితే వాని దెబ్బ వానికే తిరిగి, తూలుతడు. తూలినప్పుడు కొట్టే ఒక్క దెబ్బ మూడు దెబ్బలంత. లేదంటే పక్కకు దుంకాలె. ఆటంత గంతే. ఆగుడు వచ్చినోడికి ఆట వచ్చినట్టు.”

ఇంత తెలిసిన మనిషి రోజూ ఓడిపోయేవాడు. ఓడగొట్టేది శ్రీపాల్.

శ్రీపాల్ తన ఫోన్‌లో డాలు బటన్‌నే తీసేయించాడు. తెర మీద ఏ బటన్ ఎక్కడుండాలో మార్చుకునే వీలుందట ఆ ఆటలో. అందరూ డాలును బొటనవేలి దగ్గరికి జరుపుకుంటే, ఈయన దాన్ని కనిపించకుండా చేసుకున్నాడు. పక్కకు దుమికే బటన్ సుత తీసేశాడు. మిగిలినవి కొట్టుడు, కొట్టుడు, కొట్టుడు.

“డాలెనుక దాసుకునేటోడు ఇంట్ల కూసోవాలె,” అనేవాడు అరుగు మీద కాలు మీద కాలేసుకుని. “పక్కకు దుంకుడు కప్ప పని. మొగోడు ముంగటికే పోవాలె.”

చుట్టూ కూర్చున్న వాళ్లు గట్లనే అన్న, గట్లనే అన్న అనేవాళ్లు. వాళ్లలో చిరంజీవి అని ఒకడు అందరికంటే గట్టిగా అనేవాడు. ఊళ్లో శ్రీపాల్ పేరు మీద నడిచే యూత్ సంఘానికి వాడు కార్యదర్శి. ఆ సంఘం ఏం చేస్తుందో ఆయన పుట్టినరోజు నాడు మాత్రమే తెలుస్తుంది.

మధ్యాహ్నం తిండి అయినంక ఆ అరుగు మీద ఆట మొదలయ్యేది. శ్రీపాల్ భార్య విమల అందరికీ చాయ్ ఇచ్చి, కారు దగ్గర నిలబడ్డ గణపతికి వేరే గ్లాసులో కాదు, అదే గ్లాసుల్లో ఒకటి తీసుకుపోయి ఇచ్చేది. ఆ పిల్ల మంచితనం అట్లాంటిది. ఆట మాత్రం వింతగా ఉండేది. చిరంజీవి ఎదురుగా నిలబడి రెండు దెబ్బలు గాలిలోకి కొట్టి, కత్తి దించేవాడు. శ్రీపాల్ నరికేవాడు. “అబ్బా, అన్న దెబ్బ ఆగదు,” అని చిరంజీవి తల పట్టుకునేవాడు. అన్న మీద కత్తి ఎత్తుడు ఎట్ల అని వాళ్ల లెక్క. ఫోన్‌లో సుత మర్యాద మర్యాదే.

ముక్కూ మొగం తెలియని వాళ్లతో ఆడమంటే శ్రీపాల్ ఆడేవాడు కాదు. “నా స్థాయి ఏంది, వాళ్లదేంది,” అనేవాడు. అట్ల నాలుగు వందల ఆటలు ఆడి ఒక్కటి ఓడలేదు. ఓటమి ఎరుగని వాడన్న పేరు ఆయనకు అన్నం కంటే ఎక్కువైంది. ఆ పేరుతోనే వాళ్ల ఊరి సర్పంచ్ ఎలక్షన్‌లో నిలబడతానని, పిల్లగాండ్ల ఓట్లన్నీ అట్లనే వస్తాయని విమలకు చెప్పాడట. విమల నాకు చెప్పి నవ్వలేదు. నేను నవ్వినందుకు నొచ్చుకున్నట్టు సుత కనిపించింది.

గణపతిని ఒకసారి అడిగాను, నువ్వెందుకు ఓడతావని.

“కారుల కూసొని ఎదురుసూసుడే గదా చిన్నమ్మా నా నౌకరి. గా ఖాళీల ఆట మంచిగ నేర్సుకున్న. గెలుసుడు అల్కనే. కావాలని ఓడినట్టు కనపడకుండ ఓడుడే పరేషాన్. వచ్చే దెబ్బ సరిగ్గ కనపడ్తనే ఉంటది, ఏలు లేవకుండ పట్టుకోవాలె.”

“ఎందుకంత తిప్పలు?”

“మా శ్రీపాల్ పటేల్ మనసు చిన్నబోతది,” అన్నాడు. అంతే.

మొదట్లో నేను దాన్ని దయ అనుకున్నాను. ఒకరి సంతోషం కోసం తన చేయి దించుకోవడం చిన్న సంగతి కాదు. కానీ పదిమంది రోజూ అట్ల చేతులు దించుకుంటుంటే, వాళ్ల మధ్యన ఒక మనిషి మూర్ఖుడై పెరుగుతాడని అప్పుడు తోచలేదు.

పోయిన చలికాలం జనగామలో ఒక ఫంక్షన్ హాల్‌లో ఆ ఆటకు పోటీ పెట్టారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల వాళ్లూ రావచ్చన్నారు. శ్రీపాల్ పేరిచ్చాడు. పోటీ ముందురోజే ఘన్‌పూర్ బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. కత్తి పట్టుకుని నిలువెత్తు శ్రీపాల్, కింద చేతులు జోడించిన చిన్న చిన్న మొహాలు ఒక ముప్పై. “ఓటమి ఎరుగని శ్రీపాలన్నకు విజయాభినందనలు.” ఆడకముందే ఎందుకు అని విమల అడిగితే, “గెలిసినంక కట్టిస్తే ఆలస్యమైతది,” అన్నాడట.

పోటీ రోజు అక్కడే బట్టల దుకాణానికి పోదామని విమల నన్ను తోడు రమ్మంది. అట్ల నేనూ ఆ హాల్‌లో కూర్చున్నాను. ఆటలు పెద్ద తెర మీద వేశారు. మొదటి ఆటలోనే శ్రీపాల్‌కు మహబూబాబాద్ నుంచి వచ్చిన స్పందన అనే నర్సింగ్ చదివే పిల్ల పడింది. రెండు జడలు, ఒళ్లో టిఫిన్ డబ్బా. ఆయనను చూసి లేచి నమస్తే పెట్టింది. ఈయన తల సుత ఊపలేదు. చిరంజీవి వైపు తిరిగి, “గీ పోరితోని ఆడాల్నా?” అన్నాడు, ఆమెకు వినపడేలాగే.

గంట కొట్టారు. శ్రీపాల్ నరకడం మొదలుపెట్టాడు. అడ్డం, నిలువు, అడ్డం. ఆ పిల్ల ఒక్క దెబ్బ కొట్టలేదు. ఒకసారి పక్కకు జరిగింది, ఒకసారి డాలెత్తింది, మళ్లీ జరిగింది. తెర మీద ఈయన పచ్చ గీత వేసవిలో బావిలాగా దిగిపోతుంటే నాకే తెలుస్తోంది. ఆయన కత్తి కిందికి వాలింది.

“అంకుల్, మీ దమ్ము అయిపోయింది. జర ఆగుండ్రి,” అంది ఆ పిల్ల. ఎగతాళి కాదు, రోగికి చెప్పినట్టే చెప్పింది.

ఆయన ఆగలేదు. లేని దమ్ముతో బటన్‌ను నొక్కుతూనే ఉన్నాడు. ఆమె మూడు దెబ్బలు కొట్టింది, ఆట అయిపోయింది. హాల్‌లో ఎవరో “కొట్టుడు తప్ప ఇంకేం రాదేమో ఈ పెద్దమనిషికి” అంటే వెనక వరుసలో నవ్వారు. చిరంజీవి సుత నవ్వాడు, తర్వాత దగ్గినట్టు చేశాడు.

చిరంజీవి వాళ్లు బండ్ల మీద వెళ్లిపోయారు. తిరిగి వచ్చేటప్పుడు శ్రీపాల్ ముందు సీట్లో కూర్చుని నెట్‌వర్క్‌ను తిట్టాడు, తెరను తిట్టాడు, హాల్‌లో ఫ్యాన్లను తిట్టాడు. రఘునాథపల్లి దాటినంక రోడ్డు పక్కన చాయ్ హోటల్ దగ్గర కారు ఆపమన్నాడు. ఇంకా పొద్దు ఉంది. అందరం దిగాం.

“గణపతీ, ఫోన్ తియ్. నాతోని ఒక్కటి ఆడు.”

“ఇంటికి పోయినంక ఆడుదాం పటేలా.”

“ఇప్పుడే. నిజం ఆడాలె. నా ఆట మంచిగుందో, గాళ్ల తెర కరాబున్నదో తేలాలె.”

“నిజమే ఆడుత పటేలా.”

“గట్ల కాదు. చిల్పూర్ వెంకన్న మీద ఒట్టెయ్.”

గణపతి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. బుగులు, భయం తీర్చే దేవుడని మేమంతా కొలిచే వెంకన్న ఆయన. గణపతి శనివారం గుట్టెక్కకుండా అన్నం ముట్టడు. ఈ ఒట్టు గణపతిని ఎట్ల కట్టేస్తుందో శ్రీపాల్‌కు తెలుసు. తెలిసే అడిగాడు. నాలుగు వందల ఆటలూ నిజమే అని ఆ మనిషి నిండా నమ్మాడు మరి. నమ్మకపోతే ఆ ఒట్టు ఎవరు అడుగుతారు?

“ఒట్లెందుకయ్యా, చాయ్ తాగి పోదాం,” అంది విమల.

“నువ్వాగు. ఏందిరా, బుగులైతున్నదా?”

“ఒట్టు వద్దు పటేలా. జర ఇనుండ్రి,” అన్నాడు గణపతి మెల్లగా. రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు. చెప్పులు విడిచి, చిల్పూర్ వైపు తిరిగి దండం పెట్టి, ఒట్టేసి, బల్ల మీద కూర్చున్నాడు.

శ్రీపాల్ మొదటి దెబ్బ తెల్లగా మెరవగానే గణపతి డాలు లేచింది. శ్రీపాల్ తూలాడు. ఒక్క దెబ్బ. రెండోసారీ అంతే. మూడోసారికి ఆట అయిపోయింది. నా గ్లాసులో చాయ్ ఇంకా పొగలు కక్కుతోంది. “ఇంకోటి,” అన్నాడు శ్రీపాల్. అదీ అట్లనే అయిపోయింది. “ఇంకోటి.” గణపతి తల దించుకుని ఆడాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. వేలు మాత్రం తప్పలేదు. ఒట్టేసిన వేలు అది.

శ్రీపాల్ లేచి చేయి చాపాడు. గణపతి తాళంచెవి ఇచ్చాడు.

“నువ్వు బస్సుల రా. రేపటి సంది రాకు.”

విమల వెళ్లి కారెక్కింది. కారు స్టార్టయింది. ఆమె కిటికీలోంచి గణపతి టిఫిన్ సంచీ అందించి, నా వైపు చూసింది. నేను ఎక్కలేదు. నాకు మోకాళ్ల నొప్పి ఉన్న సంగతి నిజమే. కానీ ఆ కారులో కూర్చుంటే ఆ నొప్పి ఇంకా ఎక్కువయ్యేది. బస్సులో గణపతి నాకు సీటు దొరికించి, తను నిలబడి వచ్చాడు. బస్టాండ్‌లో దిగినప్పుడు ఆ ఫ్లెక్సీ కింది నుంచే నడిచాం. ఆయన తలెత్తలేదు. చీకటి పడుతున్నదని నన్ను ఇంటి గేటు దాకా వదిలిపెట్టి పోయాడు.

ఇప్పుడు గణపతి ఒక బడి వ్యాన్ నడుపుతున్నాడు. శ్రీపాల్ మాత్రం అందరికీ చెప్తున్నాడు, జనగామలో తెర కరాబని, గణపతి డాలు చాటున దాక్కుని ఆడాడని, అట్లాంటి పిరికోడిని కారు ఎక్కించుకోవడం తన పేరుకు తక్కువని. చిరంజీవి గట్లనే అన్న అంటున్నాడు. కారు ఇప్పుడు నడిపేది చిరంజీవే.

మొన్న విమలకు కరివేపాకు ఇద్దామని పోతే అరుగు మీద ఆట నడుస్తోంది. చిరంజీవి ఎప్పటిలాగే రెండు దెబ్బలు గాలిలోకి కొట్టి, కత్తి దించి, “అబ్బా” అన్నాడు. శ్రీపాల్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. వినేవాళ్లు ఇంకెవరూ లేరు కదా అని అటూ ఇటూ చూశాడు. మెట్ల కింద ఉన్న నన్ను చూడలేదు.

“గంత జల్ది పడిపోతవేందిరా,” అన్నాడు గొంతు తగ్గించి. “జర సేపు నిలవడి ఓడు.”